నా చింతమొద్దు, ఆయన గిన్నె

మొన్న ఎండకాలంల ఖరాదాయన పోయిండు. చూడనీకె వాడకట్టంత వచ్చింది. వచ్చినోళ్లందరిది ఒకటే మాట, మంచోడు, మంచోడు. నాకు నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకున్న. మంచోడే, నేను కాదన. గని బతికున్నన్ని దినాలు ఆయనను గా మాట అన్నోళ్లు ఎవ్వరు లేకుండె. "వస్తుండు, కట్టె లోపల పెట్టుండ్రి" అనేటోళ్లు.

ఆయన పేరు నేను రాయ. పేరుతోని పిలిచినోళ్లు ఊర్లె ఎవ్వరు లేరు, ఇప్పుడు నేను పిలిస్తే ఆయనకే కొత్తగుంటది. కట్టెను గిర్రున తిప్పుకుంట, ఉలి పెట్టి గుండ్రంగ తీసేదాన్ని మా నారాయణఖేడ్‌ల ఖరాదు అంటరు. కరెంటుది తర్వాత వచ్చింది. ఆయనది తాడు ఖరాదు. రెండు మొలల నడుమ కట్టెను బిగించి, దానికి తాడు చుట్టి, ఎదురుంగ ఒకరు కూసోని తాడును ఇటొకపాలి అటొకపాలి గుంజాలె. గుంజేది ఆయన పెండ్లాం. ఆయనను నేను అన్నా అంటుంటి కాబట్టి ఆమె నాకు వదినె అయింది. కట్టె ముందుకు తిరిగినప్పుడే ఉలి తాకాలె, ఎనకకు తిరిగినప్పుడు లేపాలె. అంటే మొగడు పెండ్లాం ఒక్క తీరుగ ఊపిరి తీయాలె. వాళ్లిద్దరు ఊపిరి తప్ప ఇంకేదన్న ఒక్క తీరుగ చేసింది నేను చూడలే.

మాది కట్టెల అడ్డ. పొయ్యిలకు కట్టె అమ్ముడు. మా ఇంటాయన పోయినంక నేనే నడిపిన. వాళ్ల ఖరాదు నా అడ్డ పక్కపొంటి రేకుల కింద ఉండె. గట్ల వాళ్లిద్దరి లొల్లి నాకు పొద్దుగాల నుంచి పొద్దుగూకేదాంక కూసున్న కాడికే వస్తుండె. అక్షరాలు నేను మనుమలు పుట్టినంక దిద్దిన. రాసుడు ఆలస్యంగ వచ్చింది గని, ఇనుడు నాకు చిన్నప్పటి నుంచే వచ్చు.

వదినెది నాగల్‌గిద్ద అవుతల ఊరు. నవ్వితే తెలుగు, కోపమొస్తే కన్నడం. తాడు గుంజి గుంజి ఆమెకు ఇసుగొస్తే "సాకు!" అని తాడు ఇడిచేది. సాకు అంటే వాళ్ల భాషల ఇగ చాలు అని. నడుమల తాడు ఇడిస్తే కట్టె ఎటు తిరుగుతదో, ఉలి ఎటు జారుతదో ఎవ్వరికి ఎరుక. ఆయన మోకాళ్ల మీద ఉన్న గాట్లన్ని గా సాకులయే.

నా అడ్డకు కట్టెల బండి వచ్చిందంటే ఆయన ఉలి పారేసి ఉరికొచ్చేటోడు. ముందుగాల కట్టెను వాసన చూసేటోడు. తర్వాత ఏలు మడిచి కొట్టి, చెవు ఆనిచ్చి ఇనేటోడు. ఇనేటప్పుడు ఎడమచెయ్యి పైకెత్తి, రోడ్డు మీద పోయేటోళ్లందరిని చప్పుడు చెయ్యకుండ్రి అన్నట్టు సైగ జేసేటోడు. ఒకపాలి గా సైగ చూసి బీదర్ బస్సు ఆగింది. డ్రైవర్ తల బయట పెట్టి, "ఎక్కుతవా పెద్దాయనా?" అన్నడు.

"ఇంజన్ బంద్ చెయ్యి. ఇనొస్తలేదు" అన్నడు ఈయన.

డ్రైవర్ తిట్టిన తిట్లు నేను రాయను, రాసుడు నేర్చుకున్నది అందుకు కాదు.

ఆఖరుకు నాకేటోడు. నాలిక బయటపెట్టి, దూడను బఱ్ఱె నాకినట్టు, కట్టెను మొదటి నుంచి కొసదాంక.

"ఛీ, గదేందన్నా! అమ్మే కట్టెను ఎంగిలి జేస్తవా?"

"పొయ్యిల పడే కట్టెకు ఎంగిలేంది చెల్లె? మంట ఏమన్న వద్దంటదా?"

గింత పరీక్ష జేసి మంచి కట్టె ఏరుకుంటడా అంటే, లేదు. మొత్తం బండిల ఏది వంకరదో, ఏది పురుగు తిన్నదో, ఏది పగిలిందో గదే ఏరేటోడు. అరచేతితోని దాన్ని చరిచి, "దీంట్ల ఉన్నది" అనేటోడు. గదొక్కటే మాట. గిన్నెనా, మంచం కోడా, పీటనా, చెప్పడు. దీంట్ల ఉన్నది, అంతే. కట్టెకే కాదు, అన్నిటికి గదే. గుమ్మడికాయ చరిచినా దీంట్ల ఉన్నది. పరీక్ష తప్పిన పోరడు ఏడుసుకుంట పోతుంటే వాని నెత్తి చరిచి దీంట్ల ఉన్నది. వాడు ఇంక ఎక్కువ ఏడ్చిండు.

"మంచి కట్టె తీసుకోరాదా అన్నా" అని ఒకనాడు అడిగిన.

"మంచి కట్టెల ఏముంటది? చెప్పినట్టు ఇంటది. పొద్దుగాల మొదలుపెడితే పగటాళ్లకు అయిపోతది. తర్వాత ఏం జెయ్యాలె? మీ వదినె మొకం చూసుకుంట కూసోవాలె."

అవుతల నుంచి వదినె తాడు ఒక్క గుంజు గుంజింది. కట్టె మొలల నుంచి ఊడి ఆయన ఒళ్లె పడ్డది.

ఆయన కాళ్లు చేతులు చెప్పకుంటే ఆయనను చెప్పినట్టు కాదు. కూసోని పని జేసేటప్పుడు కుడికాలు ఏళ్లతోని ఉలి కొసను పట్టేటోడు. ఆ ఏళ్లు ఎంత అలవాటు పడ్డయంటే, కింద పడ్డ బీడీని కాలితోనే తీసి నోట్ల పెట్టుకునేటోడు. చేతి బొటనేలు సంగతి ఇంకో ముచ్చట. గిన్నె ఎంత మందం వచ్చిందో ఎప్పుడు బొటనేలుతోనే చూసి చూసి, అది చెంచ లెక్క సాఫై వెడల్పయింది. మాయింట్ల పెండ్లికి వచ్చి పప్పు గా ఏలుతోనే జుర్రుకున్నడు. కనుబొమ్మలల్ల ఎప్పుడు చూసినా కట్టెపొట్టు. చాయల పొట్టు, బీడీల పొట్టు. వదినె అంటుండె, "ఈయనను జాడిస్తే పూటకు పొయ్యి మండుతది" అని.

ఇగ నా చింతమొద్దు సంగతి.

ఒక ఏడు మనూర్ దిక్కు నుంచి వచ్చిన బండిల ఒక చింతమొద్దు వచ్చింది. బుర్ర లెక్క ఉబ్బి ఉన్నది, నిండ ముళ్లు, ఒకదిక్కు చీలిక, ఒకదిక్కు పురుగు తొలిచిన పొక్కలు. నడుమల ఎన్నడో ఎవరో కొట్టిన మొల లోపలికి పోయి ఉన్నది. మా అడ్డల కట్టె కొట్టేటాయన దాని మీద గొడ్డలి ఏస్తే గొడ్డలి కామ ఇరిగింది. కొత్త కామ ఏస్తే అది గూడ ఇరిగింది. ఆయన దండం పెట్టి పక్కకు దొబ్బిండు. ఎవ్వరు కొనలే. నేను దాని మీద గోనెసంచి పరిచి కూసున్న. మస్తు పొతంగుండె. ఏండ్లకేండ్లు నా గద్దె గదే.

ఖరాదాయన కన్ను దాని మీద పడ్డది. పొద్దుగాల పని మొదలుపెట్టేముందు వచ్చి నా ఎదురుంగ నిలబడేటోడు. నన్ను చూడడు, నా కింద చూసేటోడు.

"చెల్లె, జర లెవ్వు."

"ఎందుకు?"

"నాకి చూస్త."

"నేను కూసున్న దాన్ని నాకుతవా, సిగ్గులేదా అన్నా? పో!"

మొద్దు ఇస్తే కూసునేటందుకు స్టూలు చేసిస్తనన్నడు. చేసుకొచ్చిండు గూడ. మూడు కాళ్లది. దాన్ని గూడ పగిలిన కట్టెతోనే చేసిండు. నేను కూసున్న, ఒక కాలు దాని తొవ్వ అది చూసుకున్నది. నేను ఎల్లెలుకల పడ్డ. అడ్డల ఉన్నోళ్లందరు నవ్విండ్రు, అందరికన్న ఎక్కువ వదినె నవ్వింది. మొద్దు ఇయ్య పో అన్న. గట్ల ఆ ముచ్చట ఆగింది.

గా దినాలల్ల స్టీలు వచ్చింది. పాత చీరలు తీసుకొని స్టీలు గిన్నెలు ఇచ్చేటోళ్లు వీధి వీధి తిరిగిండ్రు. అంతకుముందు జొన్నపిండి పిసికేటందుకు ప్రతి ఇంట్ల కట్టె గిన్నె ఉండె. ఇప్పుడు పిండి స్టీలు పరాతల పిసుకుతుండ్రు. ఆయనకు మంచం కోళ్లు, రొట్టె కర్రలు తప్ప పని లేకపాయె. అవి గూడ పాతయి సాపు జేసుడే. దినమంత ఖరాదు ముందట కూసోని తాడుకు నూనె పెట్టేటోడు.

వదినె తమ్మునికి బీదర్‌ల చాయ హోటల్ ఉండె. అంగడి దినం వచ్చిండు, గడియారం చెయ్యి ముందుకు పెట్టుకొని.

"బావా, గీ ఖరాదు అమ్మెయ్యి. ఎవ్వడు కొనకపోతే పొయ్యిల పెట్టు. నా హోటల్‌కు రా. అక్క రొట్టెలు చేస్తది, నువ్వు గ్లాసులు కడుగు."

"గ్లాసుల ఏమున్నది?" అన్నడు ఆయన.

"ఏముంటది, చాయ ఉంటది."

"నేను గది అడుగలే."

నేను నవ్విన, వదినె మాత్రం నవ్వలే. తాడు పక్కకు పెట్టి భుజం పిసుక్కుంట అన్నది, "వాడు చెప్పింది తప్పేమున్నది? గాలిని గుంజనీకె నా చేతులేనా దొరికినయి? పోదాం."

ఆయన ముఖం నేను చూసిన. బీడీ నోట్ల ఉన్నది, అంటించుడు మరిచిండు. అట్లనే అన్నడు, "ఒక్క గిన్నె. ఇంకొక్క గిన్నె తీస్త. దాని తర్వాత నువ్వు చెప్పినట్టు."

"ఏ కట్టెతోని? ఇంట్ల పుల్ల లేదు."

ఆయన చెయ్యి చాపి నన్ను చూపించిండు. నన్ను కాదు, నా కింద మొద్దును.

వదినె నడుముల చేతులు పెట్టుకొని అంగడంత ఇనేటట్టు చెప్పింది, "సరే! గా దయ్యపు మొద్దుల నుంచి నీళ్లు నిలిచే గిన్నె తీస్తే నేను ఈడనే ఉంట, సచ్చేదాంక తాడు గుంజుత. ఒక్క చుక్క కారిందా, ఖరాదును పొయ్యిల పెట్టి, దాని మీదనే చాయ కాసుకొని తాగి, బస్సెక్కుడే. వచ్చే అంగడికి తమ్ముడు మళ్ల వస్తడు. వాని ముందటనే నీళ్లు పోస్త."

ఇగ నేనేం అంటా? లేచిన. నా సంచి నేను తీసుకున్న. ఆయన వంగి ఆ మొద్దును నాకిండు. ఏండ్లసంది ఆకలైనోని లెక్క.

గా వారం వాళ్లిద్దరు మాట్లాడుకోలే. పని మాత్రం చేసిండ్రు. జానెడు దూరంల కూసోని మాటలు నాతోని చెప్పించుకున్నరు.

"చెల్లె, మీ వదినెకు చెప్పు, తాడు జర నిమ్మలంగ గుంజుమను."

"అక్కా, మీ అన్నకు చెప్పు, నేను దొంగగుంజుడు గుంజ. గెలిస్తే సాఫ్‌గ గెలవాలె, ఓడితే సాఫ్‌గ ఓడాలె."

"ఇద్దరికి చెవులున్నయి గదా! నాకు గిరాకి ఉన్నది" అన్న నేను. ఎవ్వరు ఇనలే. పోస్టు మోసేటోని లెక్క కట్టెలు ఇడిచి అటు ఇటు తిరిగిన.

మొద్దును ముందుగాల గొడ్డలితోని సాపు చెయ్యాలె, గొడ్డలి దానికి పనిచెయ్యదు. రంపంతోని కోసిండు, పండ్లు పోయినయి. ఖరాదుకు ఎక్కిస్తే మొద్దు ఒకదిక్కు బరువెక్కువ, రేకులన్ని దడదడ ఊగినయి. ఉలి మొలకు తగిలి నిప్పురవ్వలు లేచినయి. ఆయన తిట్టలే. "సరే, సరే, నీ ఇష్టం" అనుకుంట మొద్దుతోని మాట్లాడిండు. మొల దొలిచి తీసిండు. ఉలి నూరిండు, మళ్ల పెట్టిండు. జర జరంత చక్కదనం వచ్చింది. ఎర్రటి కట్టెల నల్లటి చారలు, మబ్బులు తిరిగినట్టు. నేను గిరాకిని ఇడిచి చూసుకుంట నిలబడ్డ. ఏండ్లకేండ్లు నేను దేని మీద కూసున్ననో నాకే ఎరుకలేదు.

అంగడికి ముందటి దినం లోపల తొలుస్తున్నడు. వదినె గుంజుతున్నది. అడుగున, ఎన్నడో కొమ్మ ఎండిపోయిన కాడ నల్లటి ముడి ఒకటుండె. ఉలి తగలంగనే ఆ ముడి టప్పుమని ఊడి, రోడ్డు దాటి, ఎదురుంగ గడ్డం గీయించుకుంటున్నాయన సబ్బు చెంప మీద అతుక్కున్నది. ఆయన తెగిందనుకొని కుర్చి ఇడిచి లేచి ఉరికిండు. మంగలాయన కత్తి పట్టుకొని ఎనక ఉరికిండు. చూసినోళ్లు ఏమనుకున్నరో దేవునికెరుక.

గిన్నె అడుగున రేగుపండంత పొక్క పడ్డది.

వదినె సాకు అనలే. తాడు మాత్రం చేతిల అట్లనే పట్టుకొని కూసున్నది. ఆయన గిన్నెను మొకం ముందట పెట్టుకొని, పొక్కల నుంచి ఆమెను చూసిండు. తర్వాత నాకు చెప్పిండు, "చెల్లె, తాడు ఇడువకుమను."

అదే కట్టె పేడు చెక్కి పొక్కల కొట్టిండు. పైన ఎర్ర లక్క పెట్టిండు. తిరిగే కట్టెకు లక్క ముక్క ఆనిస్తే, రాపిడి వేడికే కరిగి అతుక్కుంటది. గిన్నెకు బొట్టు పెట్టినట్టయింది.

తెల్లారి అంగడి. తమ్ముడు వచ్చిండు, బస్సు టికెట్లకు చిల్లర గూడ పట్టుకొనే వచ్చిండు. జనం మూగిండ్రు. కల్హేర్ నుంచి మిరపకాయలు అమ్మనీకె వచ్చినోళ్లు గూడ బుట్టలు ఇడిచి వచ్చిండ్రు. వదినె ఇత్తడి సర్వనిండ నీళ్లు తెచ్చింది. ఆయన గిన్నెను రెండు చేతులల్ల పట్టుకొని, హారతి పళ్లెం లెక్క రొమ్ము కాడికి ఎత్తిండు. కనుబొమ్మల పొట్టు వణుకుతున్నది.

వదినె పోసింది. అంచుదాంక పోసింది.

అందరు కింద చూసిండ్రు. చుక్క లేదు. తమ్ముడు వంగి అడుగుకు కన్ను పెట్టబోయిండు.

"దూరముండు బామ్మర్ది! నీ ఊపిరి తగిలితే లక్క కరుగుతది."

"అంత వేడి ఊపిరి ఎవనికుంటది బావా?"

"బీదర్‌ల చాయ అమ్మేటోనికి."

జనం నవ్వుతుంటే వదినె మాత్రం గిన్నెను చూస్తున్నది. ఆయన చేతులను చూస్తున్నది. ఎంతసేపు చూసిందంటే, నీళ్ల బరువుకు ఆయన ముంజేతులు ఊగినయి. ఆఖరుకు అన్నది, "నిలిచినయి."

తమ్ముడు, "అక్కా, జర కింద పెట్టి చూడుమను..." అన్నడు.

"నిలిచినయి అన్న గదా! ఎల్లు, నీ బస్సు పోతది" అని, నీళ్లు పారబోసి, పోయి ఖరాదు ముందట కూసోని తాడు అందుకున్నది.

మొద్దు నీదే కాబట్టి గిన్నె నీదే అని ఆయన నాకిచ్చిండు. సంబురంగ ఇంటికి తీసుకపోయి, కడుగుదామని నీళ్లు పోసిన. పాదం మీద చల్లగ తగిలింది. ఎత్తి చూసిన. లక్క పక్కన, సూది మొన అంత సందు. చుక్క తర్వాత చుక్క.

గిన్నె చంకల పెట్టుకొని ఉరికిన. వదినె నీళ్లకు పోయింది, ఆయన ఒక్కడే ఉన్నడు.

"ఏందన్నా గిది? అంగడిల కారలే, నా ఇంట్ల కారుతది?"

ఆయన గిన్నె తీసుకొని పట్టుకున్నడు, అంగడిల పట్టుకున్నట్టే. చెంచంత బొటనేలు సక్కగ పోయి ఆ సందు మీద కూసున్నది. తర్వాత గిన్నె కింద పెట్టి రెండు చేతులు జోడించిండు.

"చెల్లె, దానికి చెప్పకు. చెప్తివా, ఖరాదు పొయ్యిల పడ్తది. నేను బీదర్‌ల గ్లాసులు కడుగుడే."

నవ్వాలెనా తిట్టాలెనా తెల్వలే. రెండు చేసిన. చెప్పలే. అయినా పిండి పిసికితే ఆ సందు దానంతట అదే మూసుకపోతుండె. కడిగినప్పుడే కారుడు. లక్క మళ్ల మళ్ల పెట్టిండు, ఊడి ఊడి వచ్చింది.

గప్పటి నుంచి నాకు పరేషానే. వదినె మా ఇంటికి వచ్చిందంటే గిన్నెల ఏదో ఒకటి గుమ్మరించాలె. జొన్నలు, ఉల్లిగడ్డలు, ఏమి లేకుంటే నా చీర మడత. ఒకపాలి అంబలి గా గిన్నెల పొయ్యమన్నది. "దాంట్ల పిల్లి పిల్లలు పెట్టింది" అన్న. "మీకు పిల్లి ఎక్కడిది అక్కా?" అన్నది. ఈమెకు అనుమానం రాకుండ కాపాడుతున్న అని ఎన్ని ఏండ్లు మురిసిన్నో! ఆయన మాత్రం నా ముందట నుంచి పోయినప్పుడల్ల బొటనేలు లేపి చూపించి, మీసాలల్ల నవ్వుకుంట పోయేటోడు.

ఊర్లె గ్యాస్ బండలు వచ్చినయి, నా అడ్డ బంద్ అయింది. వాళ్ల ఖరాదు మాత్రం బంద్ కాలే. రొట్టె కర్రలు, కవ్వాలు, తొట్టెల గుండ్లు, ఏదో ఒకటి. మొన్న ఎండకాలం దాంక ఆ తాడు కిర్రు కిర్రు ఇనొస్తనే ఉండె.

ఆయన దినాలు అయినంక వదినె మా ఇంటికి వచ్చింది. గడప మీద కూసున్నది.

"అక్కా, గిన్నె ఉన్నదా?"

అలవాటైన నోరు. "ఉన్నది గని, దాంట్ల పిండి ఉన్నది" అన్న.

"గుమ్మరించు."

తెచ్చిచ్చిన. ఆమెనే కుండల నుంచి నీళ్లు ముంచుకున్నది, గిన్నెల పోసుకున్నది. ఇంతకాలం దాచింది ఇయ్యాల బయట పడ్తదని తుడువనీకె గుడ్డ అందుకున్న. ఆమె గిన్నె ఎత్తింది. అడుగు చూడలే, తడుములాడలే. బొటనేలు సక్కగ పోయి ఆ సందు మీద కూసున్నది. ఒక్క చుక్క కారలే. నిమ్మలంగ తాగింది.

గుడ్డ నా చేతిలనే ఉండిపాయె. "నీకు ఎరుకనా?"

"తాడు గుంజినదాన్ని, నాకు ఎరుక లేకుంట ఎట్లుంటది? అంచుదాంక నీళ్లు పోస్తే ఎవ్వడన్న గిన్నెను అంచుల కాడ పట్టుకుంటడు. అడుగున బొటనేలు ఎవ్వడు పెడ్తడు?"

"మరి నిలిచినయని ఎందుకన్నవే?"

"మా తమ్ముడు కాసే చాయ నువ్వు తాగినవా ఎన్నడన్న?" అన్నది.

ఇద్దరం నవ్వినం. నవ్వినంక అడిగిన, "ఆయనకు ఒక్కమాట చెప్పకపోతివి. పానం నిమ్మలపడుతుండె గదా."

"చెప్తే ఊకుంటుండెనా? కారని గిన్నె తీస్తనని ఇంకో మొద్దు తెస్తుండె. ఎవ్వరు గుంజాలె?"

ఖాళీ గిన్నెను ఒళ్లె పెట్టుకొని అంచు మీద బొటనేలు పోనిచ్చింది. మందం చూసినట్టు. నేను కుండ మూత తీసి, "ఇంక జర పొయ్యనా?" అన్న.

"సాకు" అన్నది. గిన్నె మాత్రం ఇడువలే.